నైట్రో ట్రక్కు: పందేనికా, సరదాకా?

ప్రకాశం జిల్లాలో బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగినవారు ఎవరూ "మంచి ఎద్దుల జత ఏది?" అని ఊరికే అడగరు. రెండు పళ్ల విభాగమా, ఆరు పళ్ల విభాగమా, సీనియర్సా, సేద్యం విభాగమా అని ముందు తేల్చుకుంటారు. పందెం కోసం ఉలవలు పెట్టి మేపిన జతను ఎవరూ అరకకు కట్టరు, రోజూ దుక్కి దున్నే జతను సీనియర్స్ బండ ముందుకు తోలరు. రెండూ ఒంగోలు జాతివే అయినా మేపు వేరు, పని వేరు. నైట్రోమీథేన్ అనే రసాయనం కలిసిన ఇంధనంతో, అంటే నైట్రో ఇంజిన్‌తో నడిచే చిన్న రిమోట్ కంట్రోల్ మోడల్ ట్రక్కులలోనూ ఇంతటి తేడా ఉంది. అయితే కొనబోయేవారు ఆ తేడాను పట్టించుకోకుండా, ఎంత వేగం పోతుంది, ఎంత ధర అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతున్నారు.

వేగం మాటకొస్తే సరదా కోసం తయారైన, పెద్ద చక్రాల మాన్‌స్టర్ ట్రక్కు కూడా గంటకు 60, 70 కిలోమీటర్లు అందుకోగలదు. కాబట్టి ఎంపికకు వేగం కొలబద్ద కాదు. ఆ బండి నడవడానికి ఎంతమంది మనుషులు కావాలి, ఎటువంటి నేల కావాలి, ఎంత ఇంధనం కావాలి, ఆట ముగిశాక దాని మరమ్మతుకు ఎంతసేపు కూర్చోవాలి అన్నవే అసలు ప్రశ్నలు. వీటికి జవాబు దొరకాలంటే ముందు ఇంజిన్ స్వభావం తెలియాలి.

నైట్రో ఇంధనంలో నైట్రోమీథేన్ పాలు తక్కువే. సరదా బండ్లలో సాధారణంగా 16 నుంచి 20 శాతం, పందెపు బండ్లలో 25 నుంచి 30 శాతం నైట్రోమీథేన్ ఉన్న ఇంధనం వాడతారు. ఈ బండ్లలోది పాత స్కూటర్లలో ఉన్నటువంటి టూ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి కందెన నూనె కూడా ఇంధనంలోనే కలిసి ఉంటుంది. అది 8 నుంచి 20 శాతం వరకు ఉండవచ్చు. మిగిలినదంతా మిథనాలే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి అవసరం కాగా, మిథనాల్‌కు సుమారు ఆరున్నర కిలోలు, తన అణువులోనే ఆక్సిజన్‌ను మోసుకొచ్చే నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలు మాత్రమే సరిపోతాయి. అంటే సిలిండరులోకి వచ్చే అంతే గాలితో ఎన్నో రెట్లు ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు. బొటనవేలంత పిస్టన్ ఉన్న ఇంజిన్ నిమిషానికి 30,000 చుట్లు దాటి తిరుగుతూ నాలుగు కిలోల బండిని ఎగరేసే బలం ఇక్కడి నుంచే వస్తుంది. ఇంధనం గుటగుటా తాగడానికి కారణమూ ఇదే.

ఈ ఇంజిన్‌లో నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు ఉండదు. గ్లో ప్లగ్గు అనే చిన్న భాగంలో ప్లాటినం తీగ చుట్ట ఒకటి ఉంటుంది. స్టార్టు చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టుల లోపు విద్యుత్తుతో దానిని ఎర్రగా కాల్చి, ఇంజిన్ అందుకోగానే ఆ బ్యాటరీని తీసివేస్తారు. ఆ తరువాత మిథనాల్ ఆవిరికీ ప్లాటినానికీ మధ్య జరిగే రసాయన చర్య, సిలిండరులోని వేడి కలిసి తీగను ఆరిపోకుండా ఉంచుతాయి. మంట ఏ క్షణంలో అంటుకోవాలో చెప్పే విడి ఏర్పాటు ఏదీ లేనందువల్ల, ప్లగ్గు రకం, నైట్రో శాతం, గాలిలో ఇంధనం పాలు కలిసి ఆ క్షణాన్ని నిర్ణయిస్తాయి. వీటిలో ఆట మధ్యలో మన చేతిలో ఉండేది ఇంధనం పాలును సర్దే మర, అంటే కార్బురేటర్ నీడిల్ ఒక్కటే.

పిస్టన్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ ఇంజిన్లలో ఎక్కువ వాటికి పిస్టన్ రింగులు ఉండవు. క్రోమ్ పూత వేసిన ఇత్తడి స్లీవులో, అంటే సిలిండరు లోపలి గొట్టంలో, అల్యూమినియం పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది; ఆ స్లీవు పైభాగం కొద్దిగా ఇరుకుగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకి వచ్చి బిగుసుకుంటుంది, వేడెక్కినప్పుడే రెండింటి మధ్య సరైన సందు ఏర్పడుతుంది. కొత్త ఇంజిన్‌కు మొదటి నాలుగైదు ట్యాంకులు ఇంధనం పాలు ఎక్కువగా ఉంచి, వేడెక్కించి, చల్లార్చి, మళ్లీ వేడెక్కించి అలవాటు చేయడం ఇందుకే. చలిదేశాలవారు కొత్త ఇంజిన్‌ను జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి చేసి మరీ స్టార్టు చేస్తారు. రోహిణి కార్తెలో నెల్లూరులో ఆ అవసరం ఉండదని అనుకోనక్కర్లేదు. ఇంజిన్ కోరే వేడి 100 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి మన ఎండ సగం పని కూడా చేయదు.

ఇక పందెపు బండి. ట్రక్కుల పోటీలలో ప్రధానమైనది 1:8 కొలతలో, అంటే అసలు బండిలో ఎనిమిదో వంతు పరిమాణంలో వచ్చే ట్రగ్గీ. ముగెన్ ఎంబీఎక్స్8టి, టెక్నో ఎన్‌టీ48 వంటివి ఈ కోవకు చెందుతాయి. ఎగుడుదిగుడు ట్రాక్ మీద పరుగెత్తే పందెపు కారు బగ్గీ; దాని ఛాసీనే కాస్త పొడిగించి, వెడల్పు చేసి, పెద్ద చక్రాలు తొడిగితే ట్రగ్గీ అవుతుంది. పెట్టె మీద .21 అని కనిపించే అంకె ఘనపు అంగుళాలలో ఇంజిన్ పరిమాణాన్ని చెబుతుంది, అది సుమారు 3.5 సీసీ, పోటీలలో ఈ తరగతికి గరిష్ఠ పరిమితి కూడా అదే. అందువల్ల 4.6 సీసీ ఇంజిన్ ఉన్న పెద్ద మాన్‌స్టర్ ట్రక్కు ఎంత బలమైనదైనా ఆ వరుసలో నిలబడే అర్హత దానికి ఉండదు. "పెద్ద ఇంజిన్ తీసుకుంటే రెండింటికీ పనికొస్తుంది కదా" అనుకునేవారు ఇది గమనించాలి.

ట్రగ్గీలో ఏమి లేవో చూస్తే దాని ఉద్దేశం ఇంకా తేటగా తెలుస్తుంది. రివర్స్ గేరు ఉండదు. రెండో గేరు ఉండదు. చాలావాటికి తాడు లాగి స్టార్టు చేసే ఏర్పాటు కూడా ఉండదు. బ్యాటరీతో తిరిగే చక్రం అమర్చిన స్టార్టర్ బాక్సు మీద బండిని పెట్టి నొక్కితే, ఆ చక్రం కిందినుంచి ఇంజిన్‌కు బిగించిన బరువు చక్రాన్ని, అంటే ఫ్లైవీలును తిప్పుతుంది. వీటిని తీసివేసినందువల్ల బరువు, చెడిపోయే భాగాలు రెండూ తగ్గుతాయి. బదులుగా ముందు, మధ్య, వెనక మూడు డిఫరెన్షియళ్లు (చక్రాలకు బలాన్ని పంచే గేర్ల అమరికలు) ఉంటాయి, వాటిలో 5,000, 7,000 వంటి అంకెలతో వచ్చే వేర్వేరు చిక్కదనాల సిలికాన్ నూనెలు పోసి, మలుపులో బండి ముక్కు ఎటు లాగాలో, ఎగిరి దిగాక ఏ చక్రానికి బలం పోవాలో నిర్ణయించుకోవచ్చు. ముందు బ్రేకు, వెనక బ్రేకు విడివిడిగా సర్దుకోవచ్చు. ఈ సౌకర్యాలన్నీ ఒకే మలుపును వందసార్లు ఒకేలా తిరగాలనుకునేవారికి వరం. ఖాళీ స్థలంలో అటూ ఇటూ తిప్పేవారికి ఇవి ఉన్నాయన్న సంగతి కూడా తెలియదు.

సరదా బండి దీనికి పూర్తిగా ఎదురు తత్వంతో తయారవుతుంది. 1999లో వచ్చిన ట్రాక్సాస్ టీ-మాక్స్, ఆ తరువాతి హెచ్‌పీఐ సావేజ్, 2004 నాటి ట్రాక్సాస్ రేవో ఈ దారిని స్థిరపరిచాయి. టీ-మాక్స్‌లో, రేవోలో రెండు గేర్లతో పాటు రివర్స్ కూడా ఉండడం చిన్న విషయంగా కనిపించవచ్చు కానీ, ఒంటరిగా నడిపేవారికి దాని విలువ తెలుస్తుంది. అరవై మీటర్ల దూరంలో బండి సర్కారు తుమ్మ మొదలుకు ముక్కు ఆనించి ఆగిపోయిందనుకుందాం. రివర్స్ ఉంటే నిలుచున్నచోటనే ఉండి వెనక్కు లాగవచ్చు. లేకపోతే ఎండలో నడిచి వెళ్లి ముళ్లలోంచి తీయాలి, ఈలోగా ఇంజిన్ ఆగిపోతే స్టార్టర్ బాక్సు కోసం మళ్లీ వెనక్కు రావాలి. పోటీలో ఈ పని చేయడానికి మలుపు మలుపుకూ మార్షళ్లు నిలబడి ఉంటారు కాబట్టి అక్కడ రివర్స్ లేని లోటు తెలియదు.

సావేజ్‌లో రెండు నిలువు అల్యూమినియం పలకల మధ్య ఇంజిన్‌ను, గేర్ పెట్టెను బిగించే కట్టడి మొండితనానికి పేరు పడింది. రేవోలో షాక్ అబ్జార్బర్లను అడ్డంగా లోపల పడుకోబెట్టి మీటల ద్వారా చక్రాలకు కలిపారు. సరదా బండ్లలో పందెపు నడతకు దగ్గరగా వచ్చేది అదే. హెచ్‌ఎస్‌పీ వంటి చైనా సంస్థల 1:10 ట్రక్కులు, .18 అంటే సుమారు 3 సీసీ ఇంజిన్లతో, ఇంకా తక్కువ ధరకు దొరుకుతాయి. వాటితో నేర్చుకోవడంలో తప్పేమీ లేదు, అయితే విడిభాగాలు వరుసగా దొరికే మోడల్‌నే తీసుకోవాలి. స్టేడియం ట్రక్కులు, షార్ట్ కోర్స్ ట్రక్కులు అనే మరో రెండు రకాలు కూడా నైట్రోలో వచ్చాయి కానీ ఇప్పుడు ఆ తరగతుల పోటీలు చాలావరకు కరెంటు బండ్లవే కావడంతో వాటి గురించి ఎక్కువ చెప్పుకోవలసింది లేదు.

పందెం అంటే బండి ఒక్కటే కాదు. బగ్గీకి 125 మిల్లీలీటర్ల ట్యాంకు, ట్రగ్గీకి సాధారణంగా కాస్త పెద్దది ఉంటాయి. ట్యాంకు నిండుగా ఉన్నా పందెపు జోరులో పది నిమిషాలకు అటూ ఇటూగా ఖాళీ అవుతుంది. 1:8 బగ్గీల ప్రపంచ పోటీలో తుది పందెం ఒక గంటసేపు సాగుతుంది, క్లబ్బు స్థాయిలో అరగంట, ముప్పావుగంట ఉండవచ్చు. అంటే నడిపేవాడు ఎత్తయిన వేదిక మీద నిలబడి ఉండగా, కింద ఇంకొకరు బండి రాగానే ఎత్తి పట్టుకుని, ట్యాంకు మూత తీసి, రెండు మూడు సెకన్లలో ఇంధనం పోసి వదలాలి. ఆ రెండో మనిషి లేకుండా నైట్రో పందెం లేదు. ట్రగ్గీ కొనదలచిన కుర్రవాళ్లు బండి ధరను లెక్కవేస్తున్నారు కానీ, ఆదివారం పొద్దున్నే లేచి తనతో వచ్చే బావమరిదినో స్నేహితుడినో లెక్కలో వేసుకోవడం లేదు. వెళ్లగలిగినంత దూరంలో ట్రాక్ ఎక్కడుంది, అక్కడ ఏ తరగతి నడుస్తోంది, ఆ తరగతిలో కనీసం ఐదారు బండ్లైనా వస్తున్నాయా అన్నది కళ్లారా చూసిన తరువాతే డబ్బు తీయాలి. తరగతి నడవని చోట పందెపు బండి ఉన్నా ఒంటరిగా తిరగవలసిందే, పైగా రివర్స్ లేకుండా.

ఇప్పుడు మన నేలల సంగతి. నెల్లూరువాసికి మొదట గుర్తుకొచ్చేది మైపాడు తీరం, ఒంగోలువాసికి కొత్తపట్నం. రెండూ నైట్రో బండికి చెడ్డ చోట్లే. వదులు ఇసుకలో చక్రాలు కూరుకుపోతూ తిరగడం వల్ల క్లచ్ జారి వేడెక్కుతుంది, బండి ముందుకు పోయి గాలి తగలకపోవడంతో ఇంజిన్ తలా వేడెక్కుతుంది. గాలిలో తేలే సన్నని ఇసుక నూనె అద్దని గాలి ఫిల్టరును దాటి లోపలికి చేరితే, ఇందాక చెప్పుకున్న ఆ బిగువు పిస్టన్ కొద్ది నిమిషాల్లో అరిగి వదులవుతుంది. ఆ తరువాత వేడెక్కిన ఇంజిన్ ఎంత లాగినా స్టార్టు కాదు. ఉప్పుగాలి బేరింగుల పని పడుతుంది. పెన్నా ఇసుకలో ఉప్పు లేదన్న మాటే గానీ మిగిలిన బాధలన్నీ ఉన్నాయి. చీమకుర్తి వైపు గ్రానైట్ పొడి పేరుకున్న చోట్లు చూడడానికి చదునుగా, గట్టిగా ఉండి ఆశపెడతాయి. ఆ పొడి ఇసుక కంటే సన్నన, అరగదీయడంలో దానికేమీ తీసిపోదు.

నల్లరేగడిలో వేసవి నెర్రెలు చక్రాన్ని పట్టేస్తాయి, వానాకాలం మట్టి టైరుకు అంటుకుని బండి బరువు పెరుగుతుంది. కోత అయిన వరిమడిలో ఎండిన గడ్డలు ముందు చక్రాలను మలిపే చిన్న మోటారు, అంటే స్టీరింగు సర్వో పళ్లు విరగ్గొడతాయి. రొయ్యల చెరువు గట్టు మీద నడపాలనిపిస్తే ఆ కోరికను అక్కడే చంపుకోవాలి. నీళ్లలో పడ్డ ఇంజిన్ తిరుగుతూనే నీటిని మింగితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నా దృష్టిలో మన జిల్లాలలో సరదా బండికి తగిన నేల, గ్రావెల్ తోలి చదును చేసి ఇళ్లు ఇంకా లేవని లేఅవుటు. కనిగిరి, పొదిలి వైపు ఎర్రనేలల్లో, యజమాని అనుమతితో, ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి తొక్కించిన చిన్న వలయం ఉంటే ట్రగ్గీకి కూడా సాధన దొరుకుతుంది. ఎక్కడైనా సరే, రాత్రి ఫిల్టరును కడిగి ఆరబెట్టి నూనె అద్దడం తప్పనిసరి.

వాతావరణం ఇంకా సూక్ష్మమైన చిక్కు. ఉదయం ఏడింటికి చల్లగాలిలో సరిగ్గా కుదిరిన నీడిల్, పదకొండు గంటలకు అదే చోట ఉన్నా తప్పవుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, తీరప్రాంతపు తేమ కూడా ఆక్సిజన్ చోటును కొంత ఆక్రమిస్తుంది. గాలి తగ్గింది కాబట్టి ఇంధనం పాలు ఎక్కువై బండి మందగించి, తెల్లని పొగ చిక్కబడుతుంది. నీడిల్‌ను కొద్దిగా బిగించి ఇంధనం తగ్గిస్తే బండి మళ్లీ చురుకవుతుంది. అసలు ప్రమాదం సాయంత్రం వస్తుంది. సముద్రపు గాలి తిరిగి గాలి చల్లబడి చిక్కబడినప్పుడు, మధ్యాహ్నం బిగించిన నీడిల్ అలాగే ఉంటే ఇంధనం చాలక ఇంజిన్ మండిపోతుంది. ఇంధనంతోపాటే నూనె కూడా తగ్గుతుందని మరచిపోరాదు. ఆ సమయంలో బండి ఎన్నడూ లేనంత వేగంగా పోతుంది, కూత సన్నబడుతుంది, పొగ మాయమవుతుంది. నడిపేవాడు మురిసిపోతుండగానే ప్లగ్గు తీగ తెగి ఆగిపోతుంది. అది కూడా అదృష్టమే, పిస్టన్ గీరుకుపోకపోతే.

నీడిల్‌ను ఒకేసారి పావు చుట్టు తిప్పడం మానుకోవాలి. పన్నెండో వంతు చుట్టు చాలు, ఆ మార్పు తరువాత రెండు మూడు చుట్లు బండిని నడిపి చూడాలి. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా కార్బురేటరుకు వెళ్లే ఇంధనపు గొట్టాన్ని వేళ్లతో నొక్కి పట్టుకుంటే, మూడు నాలుగు సెకన్లకు చప్పుడు కొద్దిగా లేచి ఆగిపోవాలి. వెంటనే ఆగిపోతే ఇంధనం తక్కువ, ఎంతకీ ఆగకపోతే ఎక్కువ. ఇంజిన్ తల మీద నీటి చుక్క వేసి చూడడం పాత పద్ధతి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కొత్త పద్ధతి. 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే కలవరపడనవసరం లేదు. సరదాకు నడిపేవారు ఎప్పుడూ కొంచెం పొగ కనిపించేలా, ఇంధనం పాలు కొంచెం ఎక్కువగా ఉంచుకోవడమే మేలు. పందెగాడు మాత్రం అంచు దాకా వెళ్లక తప్పదు, అందుకు తగ్గట్టు ఇంజిన్లూ ప్లగ్గులూ ఖర్చవుతాయి. మన ఎండల్లో ఆముదం ఎక్కువగా కలిసిన ఇంధనం కొంత రక్షణ ఇస్తుంది; అధిక వేడిలోనూ ఆముదం పొర నిలుస్తుంది, కాకపోతే జిగురు పేరుకుంటుంది, పొగలో ఆ వాసన ఇంటిదాకా వెంట వస్తుంది.

ఇంధనం దొరకడం ఇంకో ముడి. మిథనాల్ మండే ద్రవం మాత్రమే కాదు, విషం కూడా. రవాణా నిబంధనలలో యూఎన్ 1230 అన్న సంఖ్య కింద ఈ రెండు ప్రమాదాలూ నమోదై ఉన్నాయి. అందువల్ల ఆన్‌లైన్‌లో నొక్కి రెండు రోజుల్లో తెప్పించుకునే వస్తువు కాదిది, ఏ నగరంలోని హాబీ దుకాణం నుంచో నమ్మకంగా దొరికే మార్గం చూసుకోవాలి. 125 మిల్లీలీటర్ల ట్యాంకుకు ఎనిమిది, పది నిమిషాలు లెక్క వేసుకుంటే లీటరు గంటా ఇరవై నిమిషాలకు మించి రాదు. సరదాగా నెలకు రెండు ఆదివారాలు తిప్పేవారికి నాలుగు లీటర్ల డబ్బా చాలాకాలం వస్తుంది, పందెపు సాధన చేసేవారికి అది ఒక వారాంతపు సరుకు. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి తీరప్రాంతంలో డబ్బా మూత వదులుగా ఉంచితే ఇంధనం పాడవుతుంది. ఇంట్లో పిల్లలకు అందనిచోట, వంటగదికి దూరంగా, మంచినీళ్ల సీసాలోకి ఎన్నడూ మార్చకుండా ఉంచాలి. ఇంకొక సంగతి: మిథనాల్ మంట పట్టపగలు కంటికి దాదాపు ఆనదు. ఒలికిన ఇంధనం అంటుకున్నా వేడి తగిలేదాకా తెలియకపోవచ్చు.

ధరల విషయంలో దిగుమతి సుంకాన్ని మరువకూడదు. స్కేలు మోడళ్లు ఆటవస్తువుల శీర్షిక కిందికే వస్తాయి. ఆ శీర్షిక మీద మౌలిక సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. కొనే రోజున ఉన్న రేటు చూసుకోవాలి. ట్రగ్గీ చాలావరకు విడిభాగాల కిట్టుగా వస్తుంది. ఇంజిన్, సైలెన్సరు పైపు, సర్వోలు, రేడియో, టైర్లు, స్టార్టర్ బాక్సు అన్నీ విడిగా కొనాలి. సరదా ట్రక్కు మాత్రం రేడియోతో సహా సిద్ధంగా పెట్టెలో ఉంటుంది.

ఇంత వింటే కరెంటు బండే నయం కదా అనిపించవచ్చు. నిజమే, వాకిట్లో పావుగంట ఆడుకోవాలనుకునేవారికి బ్రష్‌లెస్ మోటారు, లిథియం బ్యాటరీ ఉన్న ట్రక్కే సరైనది. నైట్రో ఇంజిన్ చప్పుడు పశువులను బెదరగొడుతుంది, ఇరుగుపొరుగును లేపుతుంది. ఇంజిన్‌ను సర్దుకోవడంలోనే ఆనందం ఉన్నవారు మాత్రమే నైట్రో జోలికి రావాలన్నది నా అభిప్రాయం.

అలాంటివారు మొదటి బండిగా రివర్స్ ఉన్న, 3 సీసీ ప్రాంతపు ఇంజిన్ ఉన్న సరదా ట్రక్కును తీసుకుని ఒక ఎండాకాలం, ఒక వానాకాలం దానితో గడపాలి. నీడిల్ భాష ఆ రెండు కాలాల్లో వస్తుంది. ఆ తరువాత ట్రాక్ అందుబాటులో ఉండి, వెంట వచ్చే మనిషి ఉండి, పోటీ మీద మోజు తగ్గకపోతే ట్రగ్గీకి వెళ్లవచ్చు. అప్పుడైనా వాడిన ట్రగ్గీని కొనడం లాభసాటి, చూసి కొనగలిగితే. ప్లగ్గు బిగించి ఉండగా చల్లని ఇంజిన్ ఫ్లైవీలును చేత్తో తిప్పి చూడాలి. పిస్టన్ పైకి వచ్చేచోట గట్టిగా పట్టుకోకుండా సునాయాసంగా దాటిపోతే ఆ ఇంజిన్ అయిపోయినట్టే, దాని ధరను బేరంలోంచి తీసివేయాలి. చక్రాలను అటూ ఇటూ ఊపి బేరింగుల ఆట చూడాలి. ట్రాన్స్‌మీటరు ఆపివేసినప్పుడు థ్రాటిల్ దానంతటది బ్రేకు వైపు పోతోందా అన్నది ఇంజిన్ ఆపి ఉండగానే పరీక్షించాలి. ఈ ఏర్పాటు, అంటే ఫెయిల్‌సేఫ్ పనిచేయని నాలుగు కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో అదుపు తప్పితే మనిషి కాలు విరుగుతుంది. చివరగా, అమ్మేవాడు ఆట ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్‌లో రక్షక నూనె చుక్కలు వేసి, పిస్టన్‌ను కిందికి దించి దాచేవాడా అని మాటల్లో కనుక్కోవాలి. "అలాగే పెట్టేసేవాణ్ణి" అంటే, ఇంధనంలో మిగిలిన తేమ, ఆమ్లం వెనక బేరింగును ఈపాటికే తినేసి ఉంటాయి.